బండి నీళ్లు ఎటు పోతున్నట్టు?

మా జోర్డాన్ లోయలో కార్లున్నవాళ్లు వందకి పదిమంది ఉంటే, ఇంజను సంగతి తెలిసినవాళ్లు నూటపదిమంది ఉంటారు. ఆ పైన పదిమంది ఎవరంటారా? టమాటాలు కొనడానికి కొండ మీది సల్త్ పట్నం నుంచి మా ఊరు కరామాకి దిగివచ్చి, పోతూ పోతూ నా కారు బానెట్‌లోకి తొంగిచూసి వెళ్లేవాళ్లు.

నా కారు నాకంటే రెండేళ్లే చిన్నది. దానికి దాహం రోగం పట్టుకుంది. సీసాల కొద్దీ నీళ్లు పోసినా వారం తిరిగేసరికి డబ్బా ఖాళీ. ఇంజను వేడి చూపే ముల్లు ఎర్రగీత వైపు పాకుతుంది. నా పేరు షాహిర్. తోటల్లో బిందు సేద్యం పైపులు వేయడం, వాటి చిల్లులు పట్టడం నా పని. అరటి తోటలో ఏ వరస పైపు ఎక్కడ కారుతోందో నడుస్తూ నడుస్తూనే చెప్పేస్తాను. అలాంటివాడికి సొంత కారులో నీళ్లు ఎటు పోతున్నాయో నెలరోజులైనా అంతుపట్టకపోవడం ఎంత నామోషీయో ఆలోచించండి.

సాయంత్రం బండి కింద అట్టపెట్టె చింపి పరిచేవాణ్ణి. పొద్దున్నే బోర్లా పడుకుని చూసేవాణ్ణి. అట్ట నిక్షేపంగా పొడిగా ఉండేది. "బండి కింద కాపరం పెట్టావా ఏమిట్రా?" అనేది మా అమ్మ. బండి లోపల ముందు సీటు కాళ్ల దగ్గర నల్ల గొర్రెతోలు పరిచింది ఆవిడే.

టమాటా వ్యాపారి రేడియేటర్ మూత మార్చమన్నాడు. మార్చాను. పక్కింటాయన థర్మోస్టాట్ పీకి పారెయ్యమన్నాడు, మన ఎండలకి అది దండగట. పీకలేదు, అది ఎక్కడుంటుందో తెలియక. మెకానిక్ అయితే బానెట్ కూడా ఎత్తకుండా, రోగి బంధువులతో మాట్లాడే డాక్టరులా గొంతు తగ్గించి, "హెడ్ గాస్కెట్" అన్నాడు. అంటే ఇంజను మొత్తం విప్పాలన్నమాట. ఇంటికొచ్చి ఫోనులో వీడియోలు చూశాను. గాస్కెట్ పోతే పొగగొట్టంలోంచి తెల్లటి పొగ రావాలట, ఇంజనాయిల్ పాలు కలిపిన టీలా కావాలట, రేడియేటర్‌లో బుడగలు లేవాలట. పొగగొట్టానికి అమ్మ తెల్ల తువ్వాలు అడ్డం పెట్టి పరీక్ష చేశాను. తువ్వాలుకి మసి, నాకు తిట్లు దక్కాయి తప్ప తెల్లపొగ జాడ లేదు. ఆయిల్ శుభ్రంగా ఉంది. బుడగలూ లేవు.

బయటికి కారడం లేదు. లోపల కాలడం లేదు. ఇక మిగిలింది ఒకటే, మా లోయ ఎండకి నీళ్లు ఆవిరైపోతున్నాయని తేల్చేశాను. మూత బిగించిన డబ్బాలోంచి ఎలా ఆవిరవుతాయిరా అని అడిగినవాడు ఒక్కడూ లేడు. అడిగుంటే వాడి మీద కోపం తెచ్చుకునేవాణ్ణి.

ఈ గొడవ మధ్యలోనే నా పెళ్లి మాటలు వచ్చాయి. సల్త్‌లో విత్తనాల దుకాణంలో పనిచేసే రుబాని చేసుకోవాలని నా కోరిక. ఆ అమ్మాయికీ ఇష్టమే. వాళ్ల నాన్న అబూ రాజీకే ఇష్టం లేదు. ఆయన ముప్పై ఏళ్లు బాగ్దాద్‌కి లారీ తోలిన మనిషి. బండి చప్పుడు విని మనిషి గుణం చెప్పేస్తానంటాడు. నా బండి చప్పుడు ఆయన ఒకసారి విన్నాడు. అంతే, రెండుసార్లు కబురు పంపితే రెండుసార్లూ వద్దన్నాడు. మూడోసారి మాత్రం, "హాజీ మిస్లిహ్ స్వయంగా నా గడపలోకి వచ్చి అడిగితే వింటాను" అన్నాడు.

హాజీ మిస్లిహ్ అంటే మా పెదనాన్న. ఎనభై ఒకటో ఏడు. కాలువ నీళ్ల వంతుల దగ్గర పారలెత్తి కొట్టుకునేవాళ్లు కూడా ఆయన దగ్గడం వినిపిస్తే పారలు దించేస్తారు. ఆయన వచ్చి నోరు తెరిచి అడిగితే నాకు పెళ్లి. లేకపోతే లేదు. వ్యవహారం అంత సూటిగా ఉంది.

శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు తర్వాత జాహా బయలుదేరింది. పిల్లనడగడానికి అరవైమంది మగవాళ్లం, పన్నెండు కార్లు. పెద్దాయన ఎక్కిన కారే ముందు నడవాలి. దాన్ని దాటి ఎవరూ పోకూడదు. పెదనాన్న బూడిదరంగు కొత్త జుబ్బా, పైన గోధుమరంగు అబా వేసుకుని, మిగిలిన పదకొండు మంచి కార్లనీ వదిలేసి వచ్చి నా కారు ముందు సీటులో కూర్చున్నాడు.

"పెళ్లికొడుకు బండిలో వెళ్లడమే మర్యాద" అన్నాడు. నాకు కళ్లు చెమర్చాయి, కొంత ప్రేమకి, ఎక్కువ భయానికి.

ముందురోజే డబ్బా నిండా ఇంజనుని చల్లబరిచే ఆకుపచ్చ కూలెంట్ కొత్తది పోసి ఉంచాను. వెనక సీటులో మా అమ్మ తమ్ముడు ఫర్హాన్ మామ, మా నాన్న తమ్ముడు జద్వా బాబాయి కూర్చున్నారు. ఇద్దరికీ ఇంజను గురించి బాగా తెలుసు. అంటే, ఏమీ తెలియదు.

సల్త్‌కి ఎక్కే వాదీ షుఅయిబ్ కనుమ మలుపులు మొదలయ్యాయి. కొండ ఎక్కడం, కింద నుంచి వేడి, పై నుంచి వేడి. నాలుగో మలుపులో ముల్లు లేచింది.

"మామా, ముల్లు పైకి పోతోంది" అన్నాను.

"హీటర్ వెయ్యరా" అన్నాడు ఫర్హాన్ మామ.

"జులైలోనా?"

"ఇంజను వేడిని లోపలికి లాగేస్తుంది. మనకి కాస్త ఉడుకుతుంది, దానికి చల్లబడుతుంది. వెయ్!"

వేశాను. నిండా తిప్పాను. బయట నలభై రెండు డిగ్రీలు, లోపల రొట్టెల పొయ్యి. నలుగురం కొత్త బట్టల్లో చెమటలు కక్కాం. కానీ ముల్లు దిగింది! "చూశావా?" అని ఫర్హాన్ మామ వెనక నుంచి నా భుజం మీద ఒక్కటి చరిచాడు. పెదనాన్న కళ్లు మూసుకుని, తాను అడగాల్సిన మాటలు పెదాలతో వల్లె వేసుకుంటున్నాడు.

మరో రెండు మలుపులు తిరిగేసరికి కారులో ఏదో తియ్యటి వాసన. ముందు అద్దం లోపలివైపు మసకబారింది. పెదనాన్న కళ్లు తెరిచాడు. కాళ్లు దగ్గరికి ముడుచుకున్నాడు. అబా రెండు కొనలూ లాగి మోకాళ్ల మీదుగా పాదాలదాకా కప్పుకున్నాడు. ఆ వేడిలో! ఆయనకి ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. ఈలోగా ముల్లు మళ్లీ లేచి ఎర్రగీత తాకింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి చిమ్మింది. నాగజెముడు పళ్లమ్మే బండి దగ్గర ఆపేశాను.

నేను ఆపితే పన్నెండు కార్లూ ఆగాయి. పెద్దాయన్ని దాటి పోకూడదు కదా. ఉతికిన జుబ్బాలూ అత్తరు వాసనలూ వేసుకుని అరవైమంది నా బానెట్ చుట్టూ మూగారు.

"మూత తియ్!"

"తియ్యకు, మొహం కాలుతుంది!"

"ఫ్యాను తిరగట్లేదురా!"

"తిరుగుతోందిగా, నీ కళ్లు తిరగట్లేదు!"

ఒకాయన చమురు కడ్డీ లాగి, వాసన చూసి, నాలిక చివర పెట్టుకుని, "గాస్కెట్ బాగుంది" అని తీర్పు చెప్పాడు. ఇంకొకాయన రేడియేటర్‌లో కోడిగుడ్డు కొట్టి పోస్తే చిల్లి పూడుతుందన్నాడు. గుడ్డు కాదు, మిరియాల పొడి అన్నాడు మరొకాయన. వెంటనే గుడ్డు పక్షం, మిరియాల పక్షం అని రెండు జట్లయ్యాయి. మా దగ్గర గుడ్డూ లేదు, మిరియాలూ లేవు. ఆ చిన్న సంగతి వాదనకి అడ్డం రాలేదు.

నేను కాసేపు ఆగి, తలగుడ్డ మడిచి మూత మీద వేసి, మెల్లగా తిప్పి, అన్ని కార్లలోని తాగే నీళ్ల సీసాలూ తెప్పించి పోశాను. ఏడు సీసాలు గటగటా తాగేసింది. కిందికి వంగి చూశాను. రోడ్డు మీద ఒక్క చుక్క లేదు. ఏడు సీసాల నీళ్లు దొంగిలించి ఎక్కడ దాచిందో ఈ బండి!

"పెదనాన్నని వేరే కారులో ఎక్కిద్దాం" అన్నాను. అందరూ ఔనన్నారు. జద్వా బాబాయి వెళ్లి ముందు తలుపు తెరిచాడు.

"అన్నా, దిగు. ఆ కారులో చల్లగా ఉంటుంది."

"నేను దిగను" అన్నాడు పెదనాన్న.

"ఇక్కడ ఉడికిపోతావన్నా."

"దిగనన్నానా! తలుపు వెయ్యి."

బాబాయి తలుపు మెల్లగా వేశాడు. మొహం పాలిపోయి ఉంది. నన్నూ ఫర్హాన్ మామనీ పళ్ల బండి వెనక్కి లాక్కెళ్లాడు.

"ఏమైంది బాబాయ్?"

"ఒరేయ్, ఎవరికీ చెప్పకండి. అన్న పాదాల దగ్గర అంతా తడి. జుబ్బా అంచు తడిసిపోయింది. తలుపు కింద నుంచి చుక్క కూడా కారింది."

"ఆ తియ్యటి వాసన..." అన్నాను.

"చక్కెర జబ్బు మనిషి కదరా" అన్నాడు ఫర్హాన్ మామ బాధగా. "ఎనభై దాటాయి. మధ్యలో బండి ఆపమని అడగడానికి మొహమాటపడి ఉంటాడు. అయ్యో హాజీ!"

ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. నీళ్లు ఎటు పోతున్నాయో నెలరోజులుగా వెతుకుతున్నాను. నా కళ్లెదురుగా, కారు లోపల, మడుగు కట్టి ఉంది. కానీ పెద్దాయన కాళ్ల కింద తడి ఉంటే వంగి చూసే మగాడు మా వంశంలో పుట్టలేదు. వేలు పెట్టి చూడటం మాట దేవుడెరుగు, ఆ వైపు చూపు కూడా తిప్పుకున్నాం.

"అబూ రాజీ గడపలో అరవైమంది ముందు ఈయన తడిబట్టలతో ఎలా దిగుతాడు? దిగడు. దిగకపోతే అడిగేదెవరు?" అన్నాడు బాబాయి.

నా పెళ్లి ఆగిపోయిందని అర్థమైంది. దుఃఖం వచ్చింది. అయినా ఆ క్షణంలో నా మనసులో మెదిలింది రుబా కాదు. కప్పుకున్న అబా కింద ముడుచుకున్న ఆ రెండు కాళ్లు. నా చిన్నప్పుడు కాలువలో పడితే నడుంలోతు నీళ్లలో దిగి నన్ను ఎత్తుకొచ్చిన కాళ్లు.

పళ్లబండి వాడి దగ్గర ఇంకా మూడు సీసాల నీళ్లున్నాయి. అవే ఆఖరివి. సల్త్ చేరేదాకా రేడియేటర్‌కి అవే దిక్కు. కొన్నాను. ఒక సీసా మూత తీశాను. నా కొత్త పంట్లాం మీద, మోకాళ్ల నుంచి కిందికి, పోసేసుకున్నాను.

"ఒరేయ్, పిచ్చెక్కిందా! అవి బండికి!" అన్నాడు ఫర్హాన్ మామ.

"ఆయన ఒక్కడే తడిసి దిగితే అందరూ ఆయన్నే చూస్తారు మామా. మనం ముగ్గురం కూడా తడిసి దిగితే, నీళ్లు ఒలికాయనుకుంటారు."

జద్వా బాబాయి రెండో సీసా తీసుకుని తన జుబ్బా కిందిసగం తడుపుకున్నాడు. ఫర్హాన్ మామ ఒక నిట్టూర్పు విడిచాడు. ఆయన జుబ్బా ఆ ఉదయమే దర్జీ దగ్గర నుంచి వచ్చింది. "కనీసం కొంచెం తక్కువ పొయ్యరా" అంటూ కళ్లు మూసుకున్నాడు.

మళ్లీ ఎక్కాం. హీటర్ నిండా తిప్పి, ముల్లు ఎర్రగీత మీదే పెట్టుకుని, మిగిలిన కొండంతా ఎక్కాను. అబూ రాజీ వీధిలో మలుపు తిరిగేసరికి ఇంజను టకటకలాడుతూ, ఆవిరి కక్కుతూ, గేటు ముందుకొచ్చి దానంతటదే ఆగిపోయింది. గేటు దగ్గర నిలబడ్డ అబూ రాజీ నా బండి చప్పుడు మొత్తం విన్నాడు. ఆయన మీసాలు కిందికి దిగాయి.

వెనక కార్లవాళ్లు దిగి వరస కట్టారు. పెదనాన్న కదల్లేదు.

"ఒరేయ్ షాహిర్" అన్నాడు చాలా నెమ్మదిగా. "మీరు వెళ్లండి. ఫర్హాన్ అడుగుతాడు."

"మీరు అడగకపోతే ఆయన వినడు పెదనాన్నా."

"నేను దిగలేనురా. నాకు..." అబా కొనలు ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. "నాకు తడిసింది. ఎప్పుడు జరిగిందో కూడా తెలియలేదు. పొద్దుట్నుంచీ ఆపుకున్నా. ముసలితనం ఎంత సిగ్గుమాలిందిరా."

"తడిస్తే ఏం పెదనాన్నా, నీళ్లు ఒలికాయి. మా మీద కూడా పడ్డాయిగా" అంటూ దిగి అటు తిరిగి వచ్చి చూపించాను. పక్కన బాబాయి, మామ నిలబడ్డారు. ముగ్గురి బట్టలూ మోకాళ్ల కింద ఇంకా తడిగానే ఉన్నాయి.

పెదనాన్న మా పంట్లాం, జుబ్బాల వైపు ఒక్కొక్కటే చూశాడు.

"సీసా ముగ్గురి మీదా సరిగ్గా ఒకే చోట ఎలా ఒలికిందిరా?" అన్నాడు.

ఆయన నా భుజం పట్టుకుని దిగాడు.

అబూ రాజీ వాకిట్లో తెల్లటి గచ్చు. రెండు వైపులా కుర్చీలు, అటు వాళ్లు, ఇటు మేము. పెదనాన్న అంత బాధలోనూ తల నిటారుగా ఎత్తి గేటు నుంచి మొదటి కుర్చీదాకా నడిచాడు. కూర్చున్నాక కాఫీ వచ్చింది. ఆయన చిన్న గిన్నె అందుకుని, తాగకుండా ముందున్న బల్ల మీద పెట్టాడు.

"అబూ రాజీ, మా కోరిక తీరందే మీ కాఫీ తాగం" అన్నాడు.

అబూ రాజీ వినడం లేదు. గచ్చు వైపు చూస్తున్నాడు. గేటు నుంచి కుర్చీదాకా పెదనాన్న చెప్పుల అడుగులు పడ్డాయి. ఒక్కొక్క అడుగూ ఆకుపచ్చగా ఉంది.

జద్వా బాబాయి నా చెవిలో, "ఆకుపచ్చగానా? మరీ అంత ముదిరిందా జబ్బు?" అన్నాడు.

అబూ రాజీ లేచాడు. గచ్చు మీద గొంతుక్కూర్చుని ఒక అడుగుని వేలితో తాకాడు. వేళ్లు రుద్దుకున్నాడు. వాసన చూశాడు. నేరుగా గేటు బయటికి నడిచి, నా కారు ముందు తలుపు తెరిచి, మా అమ్మ పరిచిన నల్ల గొర్రెతోలు పైకెత్తి పిండాడు. పచ్చటి నీళ్లు ధారగా కారాయి.

"హీటర్ రేడియేటర్ పగిలింది" అన్నాడు గేటు దగ్గర నుంచే, అందరికీ వినబడేలా. "ఈ తియ్యటి వాసన కూలెంట్‌ది. బండిలో నీళ్లన్నీ కారు లోపలికే కారుతున్నాయి. హీటర్ వేసినకొద్దీ ఇంకా ఎక్కువ. హీటర్ వెయ్యమని ఎవరు చెప్పారు వీడికి?"

ఫర్హాన్ మామ తన చెప్పుల్ని శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టాడు.

అబూ రాజీ వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. "హాజీగారూ, మీరంటే నాకు గౌరవం. కానీ చూడండి. మీలాంటి పెద్దమనిషిని మసిలే నీళ్లలో కాళ్లు పెట్టించి కొండెక్కించాడు వీడు. ఇన్నాళ్లూ కళ్లముందున్న కారుడు కనిపెట్టలేనివాడు నా బిడ్డని ఏం చూసుకుంటాడు?"

ఆయన చెప్పినదాంట్లో తప్పుపట్టడానికి ఒక్క అక్షరం లేదు.

పెదనాన్న తన పాదాల వైపు చూసుకున్నాడు. వంగి, జుబ్బా అంచు పట్టుకుని, పచ్చమరకని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుని లేవబోయాను. ఆయన నవ్వుతున్నాడు. పొట్ట పట్టుకుని, తలగుడ్డ జారిపోయేలా నవ్వుతున్నాడు.

"అబూ రాజీ" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ, "నీ కోసం మూడు రోజుల నుంచి మంచి మాటలు బట్టీపట్టానయ్యా. మీ తాతలు, మా తాతలు, అన్నీ ఉన్నాయి అందులో. ఒక్కటీ గుర్తులేదు. ఉన్నమాట చెప్తా విను. ఈ తడి నాదే అనుకున్నా. ముసలాణ్ణి, చక్కెరవాణ్ణి, ఆపుకోలేకపోయాననుకున్నా."

అరవైమంది మావాళ్లు, నలభైమంది వాళ్లవాళ్లు. అందరి తలలూ ఆయన వైపే తిరిగాయి.

"ఈ గాడిదలు ముగ్గురూ అదే అనుకున్నారు. పళ్లబండి వెనక వీళ్ల గుసగుసలు నాకు వినపడవనుకున్నారు. దారిలో బండికి పొయ్యాల్సిన ఆఖరి నీళ్లు ఈ షాహిర్ తన పెళ్లిబట్టల మీద పోసుకున్నాడు. నేనొక్కణ్ణే తడిబట్టలతో నీ గడపలో దిగకూడదని. బండి కాలిపోతుందని తెలుసు వాడికి. ఆ చప్పుడు వింటే నువ్వు పిల్లనివ్వవని ఇంకా బాగా తెలుసు. అయినా పోసుకున్నాడు. ఇంజనులో వాడికి ఓనమాలు రావు, ఒప్పుకుంటా. అది నువ్వు నేర్పు. మిగతాది వాడికొచ్చు. ఇప్పుడు అడుగుతున్నా, నీ రుబాని మా షాహిర్‌కి ఇస్తావా?"

అబూ రాజీ నా పంట్లాం వైపు చూశాడు. బాబాయి జుబ్బా వైపు, మామ జుబ్బా వైపు చూశాడు. ఆయన మీసాలు మొదట ఒక పక్క, తర్వాత రెండో పక్క పైకి లేచాయి.

"హాజీగారూ, మీ కోరిక తీరింది. కాఫీ తాగండి" అన్నాడు. "కానీ బండి ఇక్కడే ఉంటుంది. నా అల్లుడు నా కళ్లముందే బాగుచేస్తాడు."

వాకిలంతా హోరెత్తిపోయింది. ఎవరో నన్ను కావలించుకున్నారు, తడి తగలగానే వదిలేశారు. పెదనాన్న కాఫీ ఒక్క గుక్కలో తాగేసి, ఇక చాలన్నట్టు గిన్నె అటూ ఇటూ ఊపి ఇచ్చేశాడు. లేచి నిలబడి, పిల్లనడిగిన గొంతుతోనే, వందమందికీ వినబడేలా అడిగాడు:

"అబూ రాజీ, మీ ఇంట్లో బాత్రూము ఎటువైపయ్యా?"